లోపల మిగిలే గాలి

మా ఆయనకు ఊదడం రాదని ఒక మిషను తేల్చి చెప్పింది. విన్నారా ఈ విడ్డూరం? మీసాలు రాకముందు నుంచీ గాజు కార్ఖానాలో ఊదుడు గొట్టం పట్టిన మనిషి. కొలిమి దగ్గర అందరూ 'మేస్త్రి' అని పిలిచే మనిషి. ఆయన ఊదిన గాజు బుడ్లు ఎన్నిళ్ళలో దీపాల చుట్టూ మెరుస్తున్నాయో ఆయనకే తెలియదు. అలాంటి మనిషికి ఊదడం రాదట. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని ఊరికే అన్నారా! నాకు ముందు నవ్వొచ్చింది. సర్జన్ మాట విన్నాక ఆ నవ్వు గొంతులోనే చచ్చిపోయింది.

సంగతేమిటంటే, మేస్త్రికి తగ్గని దగ్గు. ఫోటో తీస్తే కుడి ఊపిరితిత్తి పై భాగంలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. ముక్క తీసి చూశారు, మంచిది కాదన్నారు. ఇంకా ఎక్కడికీ పాకలేదు, ఉన్నచోటే ఉంది, అదొక్కటే మా అదృష్టం అన్నారు.

సర్జన్ పొడుగాటి మనిషి, మాటలు పొదుపు. "ఆ పై భాగం కోసి తీసేస్తే బతుకుతారమ్మా. కానీ కోశాక మిగిలినదానితో ఊపిరి ఆడాలి కదా! ఆడకపోతే మిషను మీద పెట్టాలి. పెట్టాక మళ్ళీ దించలేం. ఇక నేను గడ్డ తీసి ఏం లాభం?" అన్నాడు.

"ఆడుతోంది కదండీ ఇప్పుడు? ఎదురుగా కూర్చున్నారు కదా, నిక్షేపంగా పీలుస్తూ!"

"కూర్చున్నప్పుడు అందరికీ ఆడుతుంది. గట్టిగా ఊదితే మొదటి సెకనులోనే లీటరున్నర గాలి బయటికి రావాలి. ఈయనకు లీటరు కూడా రాలేదు. వచ్చే వారం ఇంకోసారి ఊదిద్దాం. లోపల ఎంత గాలి మిగులుతోందో కొలిచే అద్దాల గదిలో కూడా కూర్చోబెట్టి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే నేను కత్తి పట్టను. మందులతో నెట్టుకురావాలి."

"నెట్టుకురావడమంటే ఎన్నాళ్ళండీ?"

ఆయన కిటికీ వైపు చూశాడు. అంతసేపూ నా మొహంలోకి చూసి మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాటకు కిటికీ వైపు చూశాడు.

నా గురించి కూడా చెప్పాలి. నేను అదే కార్ఖానాలో చివరి గదిలో సామాను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దుతాను. చేత్తో పగలకుండా చూడటం నా పని, నోటితో పగలగొట్టడం నా గుణం అంటారు తోటివాళ్ళు. నాకు 'టపాకాయ' అని పేరు పెట్టారు. పెట్టినవాడెవడో నాకు తెలుసు, వాడి సంగతి తర్వాత చూస్తాను. మా ఆయనను మామూలుగా 'మీరు' అంటాను. ఒళ్ళు మండితే 'నువ్వు'లోకి దిగిపోతాను. ఆయన దానికి అలవాటు పడిపోయారు. నువ్వు అన్నానంటే ఇంట్లో వాన మొదలైందన్నమాట, గొడుగేసుకోవాలి అంటారు.

ఆ వారమంతా నేను ఆయన ఊపిరికి కాపలా కాశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఊపిరి వైపు ఒక్కసారైనా చూశానా? ఎవరు చూస్తారండీ? గోడ గడియారం చప్పుడు లాంటిది అది, ఆగితే తప్ప వినపడదు. ఇప్పుడేమో అది తప్ప ఇంకేదీ వినపడటం లేదు. ఆయన పేపరు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని కూరలు తరుగుతూ ఆయన పొట్ట వైపే చూసేదాన్ని. కొంచెం లేస్తుంది. కొంచెం దిగుతుంది. అంత పెద్ద మనిషి బతకడానికి ఆ కాస్త కదలిక సరిపోతుందా అని ఆశ్చర్యం వేసేది. దిగాక, మళ్ళీ లేచే ముందు, చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది. ఆ ఖాళీలో నా ప్రాణం పోయి వచ్చేది.

"ఏమే, అట్లా గుడ్లప్పగించి చూస్తావు?" అన్నారు ఒకరోజు. "నువ్వు చూస్తుంటే ఊపిరి ఎట్లా తీసుకోవాలో మర్చిపోతున్నాను."

"మర్చిపోండి, అదొక్కటే తక్కువైంది!" అన్నాను. కానీ నిజమే, నేను చూస్తున్నానని తెలిశాక ఆయన ఊపిరి దారి తప్పింది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, మధ్యలో ఓ నిట్టూర్పు. నేనూ ఆయనతో పాటు పీల్చడం, వదలడం మొదలుపెట్టాను. ఆయన తప్పితే నేనైనా పట్టుకుంటాననో ఏమో, నా తిక్క. కాసేపటికి పెదవులు తిమ్మిరెక్కాయి, వేళ్ళు కొంకర్లు పోయాయి, కళ్ళు తిరిగి ఉల్లిపాయల బుట్ట మీదకే ఒరిగాను. ఆయనే లేచి మంచినీళ్ళు ఇచ్చారు. రోగి ఎవరో నాకే అర్థం కాలేదు.

ఒకటి మాత్రం మింగుడు పడలేదు. నీళ్ళ క్యాను భుజాన వేసుకుని మెట్లెక్కి వస్తారు, రొప్పరు. నేను ఖాళీ చేతులతో ఎక్కి కుక్కలా రొప్పుతాను. ఊపిరితిత్తులు చెడినవాడు అట్లా ఎక్కగలడా? బకెట్టు నిండా నీళ్ళు పెట్టి, ఒక రబ్బరు గొట్టం చేతికిచ్చి, "ఊదండి, సాధన చేద్దాం" అన్నాను. ఊదారు. బుడగలు ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే సైజు, చూడముచ్చటగా వచ్చాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఇంకా" అన్నాను.

"అయిపోయింది" అన్నారు. ఆయన చెంపలు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

ఆయనది అబద్ధాలాడే నోరు కాదు. అందుకే నాకు భయం రెట్టింపైంది. నోరు అబద్ధం ఆడకపోతే ఊపిరితిత్తే అబద్ధం ఆడుతుండాలి. అంటే లోపల ఏదో నిజంగానే చెడిపోయింది.

పరీక్ష గదికి కిటికీలు లేవు. ఒక మూల కంప్యూటరు, పక్కన తెల్లగొట్టం, ఇంకో మూల పాతకాలం టెలిఫోను బూతు లాంటి అద్దాల గది. పరీక్ష చేసే అమ్మాయి గాలొస్తే ఎగిరిపోయేంత సన్నగా ఉంది, గొంతు మాత్రం బస్సు కండక్టరుది. మమ్మల్ని చూడగానే బాబాయ్ గారూ, పిన్నిగారూ అని వరసలు కలిపేసింది. వరసలు కలిపేవాళ్ళ మీద నేను అరవలేను, అదొక చిక్కు.

ఆయన ముక్కుకు బట్టల క్లిప్పు లాంటిది తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, మామూలుగా ఊపిరి తీసుకోమంది. తెర మీద చిన్న చిన్న అలలు కదిలాయి.

"ఇదిగో పిన్నిగారూ, ఇది బాబాయ్ గారి మామూలు ఊపిరి. లోపలికి అరలీటరు, బయటికి అరలీటరు. రోజంతా మనం దీంతోనే బతికేస్తాం. కావాలంటే ఈ అల పైన ఇంకా బోలెడు పీల్చుకోవచ్చు, పరిగెత్తేటప్పుడు పీలుస్తాం చూడండి, అదన్నమాట. అల కింద ఇంకా వదలగలిగిన గాలి కూడా ఉంది. మామూలప్పుడు దాని జోలికి పోం" అంది. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. అరలీటరుతో బతికేయొచ్చంటే మా ఆయన దగ్గర లేకపోతుందా?

"బాబాయ్ గారూ, ఇప్పుడు ఇక పట్టదనేంత వరకు పీల్చండి. ఆపకుండా ఒక్కసారి పేలినట్టు ఊదండి. నేను చెప్పేదాకా ఊదుతూనే ఉండాలి. ఊదండి! ఊదండి, ఊదండి, ఊదండి..."

ఆయన ఊదారు. నెమ్మదిగా, నిలకడగా. గాజు ముద్దను బుడగ చేసే ఊపిరి అది. కొలిమి దగ్గర కుర్రాళ్ళు నోరు తెరుచుకుని చూసే ఊపిరి.

"మీరు గాజు ఊదుతున్నారు. నాకు గాజు వద్దండీ, తుఫాను కావాలి" అంది.

రెండోసారి తుఫాను లాగే మొదలుపెట్టారు. గీత నిలువుగా లేచింది. ఆ పిల్ల "ఇంకా, ఇంకా, ఇంకా" అని అరుస్తూనే ఉంది, గీత గోడ మీంచి పడ్డట్టు టక్కున ఆగింది. ఆయన గొట్టం నోట్లోంచి తీసేసి, "అయిపోయిందమ్మా" అన్నారు. మళ్ళీ చేయించింది. మళ్ళీ అంతే. "ఇంకా" అన్నప్పుడల్లా ఆయన కళ్ళలో ఏదో కదిలేది. కొలిమి తలుపు ఎవరో తీసినట్టు మొహం వెనక్కి లాక్కునేవారు.

తర్వాత అద్దాల గది. లోపల కూర్చోబెట్టి తలుపు బిగించింది. ఆయన వేలితో గోడను కొట్టి చూసి, పెదవులు కదిపారు. 'ఇది గాజు కాదే' అంటున్నారని నాకు తెలిసిపోయింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఆ పిల్ల మైకులో, "మధ్యలో గొట్టం కొంచెంసేపు మూసుకుంటుంది బాబాయ్ గారూ. గాలి రాదు. కంగారు పడకుండా చిన్నగా రొప్పుతున్నట్టు చెయ్యండి" అంది.

మూసుకుంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి లేచి గోడకు అతుక్కుంది. పీలుద్దామంటే రావడం లేదు, వదులుదామంటే పోవడం లేదు. చొక్కా కింద ఛాతీ మాత్రం కొట్టుకుంటోంది.

"తియ్యి! తియ్యవే అమ్మాయ్, చచ్చిపోతారు!" అని వావీ వరసా మరిచి అరిచాను.

"అయిపోయింది పిన్నిగారూ, తెరుచుకుంది. చూడండి." నిజమే, తెరుచుకుంది. నేను నా చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉన్నాను, ఎప్పుడు కుక్కుకున్నానో తెలియదు.

ఆ గదిలోనే ఇంకోసారి ఊదించి, తలుపు తీసి, ఆ పిల్ల తెర వైపు చాలాసేపు చూసింది. కండక్టరు గొంతు కాస్తా పక్కింటి అమ్మాయి గొంతయిపోయింది.

"లోపల మొత్తం ఆరు లీటర్ల దాకా పడుతుంది. మంచి పెద్ద ఊపిరితిత్తులే. కానీ ఊదేశాక కూడా లోపల ఐదు లీటర్లు మిగిలిపోతోంది. ఎంత ఊదినా ఎవరికైనా కొంత మిగులుతుంది. ఈ వయసులో రెండు లీటర్ల దాకా. ఐదంటే మరీ ఎక్కువ. దీనికి రెండే కారణాలు పిన్నిగారూ. లోపలి గొట్టాలు చెడిపోయి గాలి చిక్కుకుపోయి ఉండాలి. లేదంటే బాబాయ్ గారే ఆపుకుంటూ ఉండాలి. మొదటిదైతే సర్జన్ గారు ముట్టుకోరు."

"ఏదో మిషను చెప్పదా?"

"చిక్కుకుపోయినవాళ్ళ గీత సాగుతూ సాగుతూ పోతుంది. ఈయనది కోసినట్టు ఆగుతోంది. అందుకే నాకు అనుమానం. కానీ అనుమానం మీద నేను నంబరు మార్చలేను కదా! ఊదాల్సింది ఆయనే."

మేస్త్రి లేచి బయటి వరండాలోకి వెళ్ళిపోయారు. వెనకే నేను. వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో చివరిదానిలో కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. కాలిన మచ్చలతో నిండిన చేతులు.

"నువ్వు ఆపుకుంటున్నావు" అన్నాను. వాన మొదలైంది. "ఆ పిల్ల గొంతు చించుకుని ఇంకా ఇంకా అంటుంటే నువ్వు ఆపుకుంటున్నావు! లోపల ఐదు లీటర్లు దాచుకుని ఎవరికి పెడతావయ్యా? నన్ను ముండమోపిని చెయ్యాలనా? చెప్పు, నీకు బతకాలని లేదా?"

"బతకాలనే ఆపుకుంటున్నానే" అన్నారు.

నేను ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"అన్నయ్య ఎట్లా పోయాడో తెలుసా నీకు?"

"కొలిమి దగ్గర గుండె ఆగి పోయారుగా బావగారు. నేను కాపురానికి రాకముందు."

"గుండె అని అందరికీ చెప్పాం. పక్కన ఉన్నది నేను." ఆయన గొంతు తగ్గిపోయింది, నేను వంగి వినాల్సి వచ్చింది. "ఊదేవాళ్ళలో ఒక మాట ఉంది. ఎంత పెద్ద సామానైనా సగం ఊపిరితోనే ఊదాలి. మిగతా సగం నీది, దాని జోలికి పోకూడదు. ఎందుకంటే లోపల గాలంతా అయిపోతే ఒళ్ళు ఆగదు, పెదవి తీసేలోపే గొట్టంలోంచి మంటగాలి లాగేసుకుంటుంది. గొట్టం పట్టిన మొదటిరోజు నేర్పేది అదే. అన్నయ్యే నాకు నేర్పాడు. నేర్పినవాడే, ఒకరోజు పెద్ద బుడ్డికి ఆర్డరొస్తే, ఒకే ఊపిరికి చేస్తానని పందెం కాశాడు. నేను పక్కన గొట్టం తిప్పుతున్నాను. ఊదుతూనే ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, ఇంకా ఊదుతున్నాడు. అడుగంటా ఊదేసి, పెదవి తీసి, నా వైపు చూశాడు. నవ్వబోయాడు కూడా. ఇక పీల్చుకోవాలి కదే? పీల్చుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఇప్పుడు పీలుస్తాడు, ఇప్పుడు పీలుస్తాడు అని. ఆ ఊపిరి రాలేదు. నిలబడ్డచోటే కూలిపోయాడు. బుడ్డి మాత్రం చెక్కుచెదరలేదు."

వరండాలో ఎవరిదో స్ట్రెచరు చక్రాలు కిర్రుమంటూ పోయాయి.

"ఆ రోజు నుంచి నేను అడుగుదాకా పోలేదు. పోదామన్నా ఒళ్ళు ఒప్పుకోదు. ఆ పిల్ల ఇంకా ఇంకా అంటుంటే అన్నయ్య మొహమే కనిపిస్తోంది. అడుగున ఉన్న గాలి పోతే ప్రాణం పోయినట్టే."

"ఈ మాట ఇన్నేళ్ళలో నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే నువ్వు రోజూ భయపడతావని."

"ఇప్పుడు హాయిగా ఉన్నాను కదా, చల్లగా!" అని అరిచి, ఆయన పక్క కుర్చీలో కూలబడి ఏడ్చాను. కోపానికి ఏడ్చానో భయానికి ఏడ్చానో వేరు చెయ్యలేను. భయం అంటురోగమండీ. ఆయన చెప్పినదంతా నా కళ్ళకు కట్టింది. ఆ రాని ఊపిరి కోసం నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను.

లోపలికి తీసుకొచ్చి ఆ పిల్లకు చెప్పించాను. నిలబడి మొత్తం విన్నది. నవ్వలేదు. అందుకు ఆమెకు దండం పెట్టాలి.

"పెదనాన్న గారికి ఏం జరిగిందో నేను చూడలేదు, చెప్పలేను. అంతసేపు బిగబట్టి ఊదితే ఒక్కోసారి గుండె ఆగిపోవచ్చు. మీకు గుండె పరీక్షలన్నీ చేశాకే నా దగ్గరికి పంపారు. ఇంకొకటి కూడా చెప్పగలను. ఊది ఊది ఊపిరితిత్తి ఖాళీ చెయ్యడం మనిషి వల్ల కాదు. పక్కటెముకలు ఒక హద్దు దాటి లోపలికి రావు. లోపల సన్న గొట్టాలు ముందే మూసుకుపోతాయి. వాటి వెనక గాలి అక్కడే ఉండిపోతుంది. మీరు వదిలేద్దామన్నా అది మిమ్మల్ని వదలదు బాబాయ్ గారూ."

"చూపించు" అన్నారు మేస్త్రి.

"చూపించేది కాదండీ, లెక్క కట్టి చెప్పేది."

"లెక్క తర్వాత. నేను చూసింది కళ్ళతో చూశాను."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది, బొమ్మ గీసి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన తల ఊపుతున్నారు, కాళ్ళు మాత్రం తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఇప్పుడు ఈ తలుపు దాటితే ఇక ఈ మనిషి ఈ గదిలోకి రాడు. ఆ గడ్డ మాత్రం ఆయనతోనే ఇంటికొస్తుంది.

నేను పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను.

"నాకు పెట్టు గొట్టం."

"పిన్నిగారూ, మీ పేరు మీద పరీక్ష లేదు, రూల్సు ఒప్పుకోవు..."

"నా చేత అరిపించకు."

కొత్త గొట్టం తగిలించింది. ఎత్తు అడిగింది, చెప్పాను. బరువు అడక్కముందే "రాసుకోకు" అన్నాను. ఊపిరితిత్తికి లావుతో పని లేదు, ఎత్తును బట్టే అంది. పోనీలే, ఒంట్లో ఒక్కటైనా నా తిండిని లెక్కపెట్టనిది ఉంది అనుకున్నాను. ముక్కుకు క్లిప్పు పెట్టగానే ఆ హాస్యమంతా ఆవిరైపోయింది. నాకు చచ్చేంత భయం వేసింది. నిజం చెబుతున్నాను, ఆయన మాట నేను పూర్తిగా నమ్మాను ఆ క్షణంలో. ఆ పిల్ల చదువుకుంది సరే, బావగారు చచ్చిపోవడం ఆ పిల్ల చూసిందా?

పీల్చాను. ఇక పట్టదు అనేదాకా పీల్చాను. ఊదాను.

మొదటి గాలి సులువుగా పోయింది. తర్వాతది కష్టం మీద పోయింది. అయిపోయిందనుకున్నాక "ఇంకా" అంది ఆ పిల్ల, ఇంకా వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందో. పొట్ట వెన్నుకు అంటుకుంది. ఛాతీ వణికింది. కళ్ళ ముందు నల్ల చుక్కలు. ఎక్కడో దూరంగా మేస్త్రి గొంతు, "చాలు! ఆపవే! చాలు!" ఆపలేదు. నా భుజాలు పట్టుకున్నారు. ఊదుతూనే ఉన్నాను. అప్పుడు ఒకచోట ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది. ఎంత తోసినా కదలదు. ఇదేనా అడుగు, ఇదేనా బావగారు చూసింది అనుకున్నాను. ఒళ్ళంతా చల్లబడింది.

"ఇప్పుడు వదిలెయ్యండి" అంది ఆ పిల్ల.

నేనేమీ చెయ్యలేదు. పిలవకుండానే గాలి దానంతటదే లోపలికి దూకింది.

దగ్గు, కన్నీళ్ళు, చీమిడి అన్నీ కలిసొచ్చాయి. గొట్టం పక్కన పడేసి ఆయన వైపు తిరిగాను. "చూశావా? బతికే ఉన్నాను, నీ మొహం మండ!"

ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. నా వీపు మీద అరచెయ్యి పెట్టి, పొయ్యి మీద గిన్నె వేడెక్కిందో లేదో చూసేవాడిలా అట్లాగే ఉంచారు. నా ఊపిరి ఆ చేతి కింద లేస్తోంది, దిగుతోంది.

"అంతా ఊదేశాక కూడా పిన్నిగారి లోపల లీటరు పైచిలుకు ఉండే ఉంటుంది" అంది ఆ పిల్ల మెల్లగా. "ఆ కుర్చీలో కూర్చున్న ఎవ్వరూ దాన్ని నాకు ఇచ్చి పోలేదు బాబాయ్ గారూ."

ఆయన నన్ను లేపి, తనే కూర్చున్నారు. ముక్కు క్లిప్పు తనే పెట్టుకున్నారు. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. గాజులు చిట్లేలా పట్టుకున్నారు.

పీల్చారు. ఊదారు. గీత నిలువుగా లేచింది. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. ఆయన పట్టు ఇనుములా బిగుసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకున్నారు, మెడ నరాలు లేచాయి. గీత ఆగలేదు. ఆ పిల్ల అరవడం మానేసింది. నేనే అరుస్తున్నాను, "ఇంకా, ఇంకా, నేనున్నాను, ఇంకా!" చెంపలు లోపలికి పోయాయి. పెదవులు నీలంగా కనబడ్డాయి నాకు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నేనే ఈయనను చంపుతున్నాననిపించింది.

గీత నేలకు ఆనుకుని పడుకుంది. ఆయన నోరు తెరిచారు. రాలేదు. రాలేదు. వచ్చింది. గదంతా పీల్చేసుకున్నంత చప్పుడుతో వచ్చింది.

"రెండు లీటర్ల ఎనిమిది వందలు, మొదటి సెకనులో!" ఆ పిల్ల కుర్చీలోంచి లేచిపోయింది. "బాబాయ్ గారూ, పాసు! కానీ ఇలాంటివే ఇంకో రెండు కావాలి. మూడూ దగ్గరదగ్గరగా ఉంటేనే సర్జన్ గారు నమ్ముతారు."

"ఒక్కసారి చస్తే చాలదా అమ్మాయ్?" అన్నారు ఆయన రొప్పుతూ. కానీ గొట్టం వదల్లేదు. ఇంకో రెండూ ఊదారు. అద్దాల గదిలో కూర్చుని మళ్ళీ ఊదారు. లోపల మిగిలింది ఆ వయసు వాళ్ళందరికీ మిగిలేంతే.

సర్జన్ ఆ సాయంత్రమే చూశాడు. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, మొదటిసారి నవ్వాడు. "గురువారం చేద్దాం" అన్నాడు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఏం చేస్తారో చెప్పమని మేస్త్రే అడిగారు.

"మత్తిస్తాం. ఎడమ ఊపిరితిత్తిని మిషను ఊదుతూ ఉంటుంది. కుడిదానిలో గాలంతా తీసేస్తాం. కదులుతుంటే కొయ్యలేం కదా! మొత్తం చప్పబడిపోయాక పై భాగం కోసి తీస్తాం."

"మొత్తమా?" అన్నారు మేస్త్రి.

"మొత్తం. ఒక్క బుడగ లేకుండా."

ఊపిరితిత్తి ఖాళీ చెయ్యడం మనిషి వల్ల కాదని ఆ పిల్ల చెప్పింది. ఎవరూ ఆ అడుగు గాలిని ఇచ్చి పోలేదని చెప్పింది. ఈ సర్జన్ దాన్ని చేత్తో తీసేస్తానంటున్నాడు, సంచిలోంచి గాలి తీసినట్టు. పొద్దుటి నుంచి నేను పోట్లాడి, ఏడ్చి, ఊది, ఊదించి మా ఆయనను తెచ్చి నిలబెట్టింది ఇక్కడికా? వద్దు, ఇంటికి పోదాం అని అరవాలనిపించింది.

మేస్త్రి మాత్రం ముందుకు వంగి కూర్చున్నారు. "కోశాక మళ్ళీ నింపుతారా?"

"నింపుతాం. మిగిలిన భాగాన్ని మేమే మళ్ళీ తెరుస్తాం."

"ఎట్లా ఊదుతారు?"

సర్జన్ ఆయన వైపు ఆశ్చర్యంగా చూశాడు. "మెల్లగా. మత్తు డాక్టరు చేత్తో సంచి నొక్కుతూ, కొంచెం కొంచెంగా. ముడతలు విచ్చుకుంటూ రావాలి. తొందరపడితే కోసినచోట చిరుగుతుంది."

"తొందరపడరు కదా?"

"పడం."

"సరే" అన్నారు మేస్త్రి. వెనక్కి ఆనుకున్నారు. ఆయన ఛాతీ మామూలుగా లేచింది, మామూలుగా దిగింది.

"మీరేమంటారమ్మా?" అన్నాడు సర్జన్ నా వైపు తిరిగి.

నోరు తెరిచాను. కార్ఖానా అంతా వినపడే నోరు. రెండక్షరాలు, అంతే, అనాల్సింది. మాట లేదు, దాన్ని మోసే గాలీ లేదు. మేస్త్రి లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశారు.

"సరేనంటుందండీ" అన్నారు. "కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."